రోగాల తోకలు

పెళ్లయి పదకొండేళ్లు గడిచాక, ముప్పై ఆరో ఏట నాకు మళ్లీ చదువు మీద మనసు పోయింది. ఆస్పత్రి కాగితాల్లో ఉండే రోగాలకు ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్లో నంబర్లు వేయడం ఒక ఉద్యోగమట. మెడికల్ కోడింగ్ అంటారట. అది నేర్పుతామని ఫోన్లో ప్రకటన కనిపించింది. డిగ్రీలో బయాలజీ చదివినదాన్ని, నాకేం తక్కువ అనుకుని చేరిపోయాను. నిజం చెప్పాలంటే ఆ బయాలజీలో నాకు గుర్తున్నది కప్ప ఒక్కటే, అదీ సగమే.

క్లాసు ఆదివారం పొద్దున, ఫోన్లోనే. సారు మొహం ఎప్పుడూ చూపించలేదు, గొంతు మాత్రమే వినిపించేది. మొదటి రోజే ఆయన చెప్పిన మాట నాకు నచ్చింది. డాక్టర్ల మాటలు పొడుగ్గా ఉన్నాయని బెదిరిపోవద్దు, ముందు తోక పట్టుకోండి, తోక తెలిస్తే సగం రోగం తెలిసినట్టే అన్నాడు. ఇది నాకు కొత్తేమీ కాదు. జహీరాబాద్ బస్టాండులో నిలబడి మేమంతా చేసే పని అదే. మొగుడంపల్లి అని బోర్డు చూస్తే, ఆ ఊరికి ఎన్నడూ పోనివాళ్లకైనా అదొక పల్లె అని తెలుస్తుంది. రోగాలకు కూడా ఊళ్లకు పెట్టినట్టే పేర్లు పెట్టారని తెలిశాక నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

మొదటి వారం ఐటిస్. అంటే వాపు, మంట. ఆ వారం మా ఇంట్లో ఐటిస్ లేని అవయవం లేదు. మా ఆయన ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చి గొంతు పట్టేసిందంటే లారింజైటిస్ అన్నాను. కడుపులో మంటగా ఉందంటే గ్యాస్ట్రైటిస్ అన్నాను. "అది సరే, అన్నం ఉన్నదా?" అని అడిగాడు.

రెండో వారం ఆల్జియా, అంటే నొప్పి. అది విన్న మా అత్తమ్మ, పోయినేడు మోకాళ్లు చూపించుకున్నప్పుడు డాక్టరు ఇచ్చిన చీటీని ట్రంకుపెట్టెలోంచి తీసుకొచ్చి నా ఒళ్లో పడేసింది.

"ఏం రాసిండో జర చదువు."

అదృష్టం కొద్దీ ఆ మాట మా పాఠంలోనే ఉంది. "ఆర్థ్రాల్జియా" అన్నాను, క్లాసులో సారు పలికినట్టే.

"అంటే?"

"కీళ్ల నొప్పి."

అత్తమ్మ నావైపు, చీటీవైపు మార్చి మార్చి చూసింది. "కీళ్లు నొస్తున్నయని నేనే గద చెప్పిన. నేను చెప్పిందే రాసి నా చేతికిచ్చి పంపిండా?"

ఈ మాట సారును అడుగుదామనుకున్నాను కానీ, క్లాసులో అందరూ ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలు, నవ్వుతారని ఊరుకున్నాను.

మూడో వారం ఎక్టమీ, కోసి తీసేయడం. ఆ వారం నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే అప్పటికి మా గల్లీలో నేను చదువుకున్న మనిషినని పేరు పడింది, బట్టల దుకాణం సంచుల్లో రిపోర్టులు పెట్టుకుని ఆడవాళ్లు మధ్యాహ్నం పూట మా ఇంటికి వస్తున్నారు. ఆ సంచుల్లో నలుగురికి హిస్టరెక్టమీ అని ఉంది. అంటే గర్భసంచి తీసేశారని అర్థం. తీసేశారని వాళ్లకు తెలుసు కానీ, దానికో పేరుందని, ఆ పేరు తమ కాగితం మీదే ఉందని ఒక్కరికీ తెలియదు. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద కోపమో తెలియక ఆ పూట గిన్నెలు గట్టిగా తోమాను.

నాలుగో ఆదివారం ఓమా. "ఓమా అంటే గడ్డ" అన్నాడు సారు. రాసుకున్నాను. "ఈ గడ్డల్లో భయపడాల్సినవి ఏవి, భయపడక్కర్లేనివి ఏవి అన్నది చాలా ముఖ్యం" అన్నాడు. అదీ రాసుకున్నాను. "టైమైపోయింది, అది వచ్చే ఆదివారం చూద్దాం" అని ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు సోమవారం. అత్తమ్మకు వీపు మీద, కుడి రెక్క కింద పన్నెండేళ్ల నుంచి ఒక గడ్డ ఉంది. మొదట్లో శనగగింజంత ఉండేదట, ఇప్పుడు నిమ్మకాయంత అయి జాకెట్టుకు ఒరుసుకుంటోంది. "నొయ్యదు, గియ్యదు, దానంతట అదున్నది, నా అంతట నేనున్న" అంటూ ఇన్నేళ్లు దవాఖానకు రాలేదు. మేమే పోరు పెట్టి స్కానింగ్ చేయించాం. సాయంత్రం రిపోర్టు తెచ్చుకుని వాకిట్లోనే కవరు చించాను. అన్నీ చిన్న అక్షరాలు. కిందికొచ్చాక ఒకే ఒక్క మాట పెద్ద అక్షరాల్లో ఉంది: లైపోమా.

తల నాకు తెలియదు. తలలు ఇంకా చెప్పలేదు. తోక మాత్రం బాగా తెలుసు. కవరు పట్టుకుని అరుగు మీద కూలబడ్డాను.

ఫోన్లో వెతకొచ్చు కదా అని మీరంటారు. ఆర్నెల్ల కింద మా ఆయనకు పిక్క పట్టేస్తే ఫోన్లో వెతికి, ఆయనకు మూడు ప్రాణాంతకమైన రోగాలున్నాయని తేల్చాను. ఆయన రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు ఇంకెప్పుడూ ఫోన్లో రోగాలు వెతకనని తన తల మీద నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు. అసలే ఇంట్లో ఒకరికి గడ్డ, ఇప్పుడు ఒట్టు తప్పి ఇంకొకరి తల మీదికి తెచ్చుకునే ధైర్యం నాకు లేకపోయింది. డాక్టరును అడుగుదామంటే ఆపరేషన్ల డాక్టరు హైదరాబాద్ నుంచి మా ఊరి నర్సింగ్‌హోమ్‌కు శనివారం మాత్రమే వస్తాడు. సోమవారం నుంచి శనివారం దాకా ఆ తోక పట్టుకుని నేను వేలాడాలి.

రిపోర్టును బీరువాలో పట్టుచీరల కింద దాచాను. కళ్లు తుడుచుకుని లోపలికి పోతుంటే అత్తమ్మ ఎదురొచ్చింది. "ఏమున్నది అండ్ల?" అంది. "ఏం లేదు అత్తమ్మా, అంతా మంచిగనే ఉన్నది" అన్నాను.

ఇక్కడ మా చుట్టాల పద్ధతి ఒకటి చెప్పాలి. మాలో ఎవరికైనా పెద్ద రోగం వస్తే, అది వచ్చినవాళ్లకు తప్ప అందరికీ చెప్తారు. రోగికి తెలిస్తే దిగులుతో సగం చస్తారని వాళ్ల నమ్మకం. మా మామయ్యకు గుండె జబ్బని కూరగాయలమ్మే ఆమెకు కూడా తెలుసు. ఆయన మాత్రం గ్యాస్ అనుకుంటూ చివరిదాకా సోడా తాగాడు. ఆ సంగతి ఆయనకు తెలియకుండా ఏడాది పాటు కాపాడింది మా అత్తమ్మే. ఈ విద్యలో ఆమెను మించినవాళ్లు మా వంశంలో లేరు.

అందుకే మా ఆయనకు విషయం చెప్పగానే, ఆయన ఏడ్చి ముక్కు తుడుచుకుని అన్న మొదటి మాట, "అమ్మకు తెల్వొద్దు." రెండోది, "అక్కకు ఫోన్ చెయ్యి." అక్క అంటే కోహీర్‌లో ఉండే మా వదినె. వదినెకు చెప్పడమంటే మైకులో చెప్పినట్టే. మంగళవారం పొద్దెక్కేసరికి కబురు రాయికోడ్ దాకా పాకింది.

బుధవారం నుంచి చుట్టాలు దిగడం మొదలైంది. రోగిని పలకరించడానికి వచ్చామని అనకూడదు కదా, ఒక్కొక్కరిది ఒక్కో సాకు. ఒకాయన విత్తనపు అల్లం ధర కనుక్కుందామని వచ్చాడు. ఇద్దరు ఆడవాళ్లు బస్సు తప్పిపోయి వచ్చారు. ఇంకొకామె ఎందుకొచ్చిందో ఆలోచించుకోకుండా వచ్చి, "ఊకెనే వచ్చిన" అంది. అందరి చేతుల్లోనూ బ్రెడ్డు ప్యాకెట్లు, యాపిల్ పండ్లు. బస్సు తప్పిపోయినవాళ్లు బ్రెడ్డు ఎందుకు తెచ్చారని అత్తమ్మ అడగలేదు. అందరికీ చాయ్ పెట్టి ఇచ్చింది. వాళ్లు చాయ్ తాగుతూ ఆమె అటు తిరిగినప్పుడల్లా వీపువైపు చూడటం, తర్వాత వంటింట్లోకి వచ్చి నా భుజం పట్టుకుని, "ధైర్యంగ ఉండు బిడ్డా, ఫికర్ చెయ్యకు" అని కళ్లొత్తుకోవడం.

ఈ మధ్యలో అత్తమ్మ మారిపోయింది. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

పదకొండేళ్లలో ఆమె నా కంటే ముందు లేచి పొయ్యి ముట్టించింది లేదు. అది కోడలి పని అని ఆమె లెక్క. మంగళవారం నేను లేచేసరికి వేణ్నీళ్లు కాగుతున్నాయి, జొన్నరొట్టెలు కొట్టి గంపలో పెట్టి ఉన్నాయి, మా పాపకు జడలు వేసి ఉన్నాయి. "నువ్వు కూసో, నేను చేస్త" అంది. పాల మీద మీగడ తీసి నా గిన్నెలో వేసింది. ఆ మీగడ కోసం ఆమెకూ నాకూ పెళ్లైన ఏడాది పెద్ద రభస జరిగింది. ఉప్పెక్కువైన పప్పు తిని, బాగుంది అంది. పోయేముందు మనుషులు మెత్తబడతారని ఎవరో అనగా విన్నాను. ఆ గిన్నె పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె నన్ను చూసి కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పోయింది. తిరిగొచ్చి బిందెలు కూడా ఆమే మోసింది. బిందె మోస్తే గడ్డ ఏమవుతుందోనని నేను లాక్కోబోయాను, ఆమె ఇవ్వలేదు. సగం నీళ్లు ఇద్దరి మీదా పోయాయి.

గురువారం వదినె వచ్చింది, సంచినిండా కోహీర్ జామపండ్లతో. రాగానే తల్లి ఆమెను పెరట్లోకి తీసుకుపోయి చాలాసేపు మాట్లాడింది. తర్వాత వంటింట్లోకి వచ్చింది, నేను గడ్డ సంగతంతా మళ్లీ చెప్పాను. వదినె నా మొహంలోకి వింతగా చూస్తూ, నేను చెప్పేది విననట్టే నా తల నిమిరింది. ఒక్క ముద్ద అన్నం తినకుండా వెళ్లిపోయింది. శుక్రవారం పొద్దున మళ్లీ వచ్చింది, దర్గా దగ్గర కట్టించుకొచ్చిన తాయెత్తులతో. ఒకటి తల్లి దండచేతికి కట్టింది, ఇంకొకటి నాకు.

"నాకెందుకు వదినె?"

"ఉండనీ" అంటూనే బోరుమంది. ఎవరి కోసమో చెప్పలేదు. ఎంత మంచి మనిషి, తల్లి కోసం ఎంత తల్లడిల్లుతోంది అనుకున్నాను.

శనివారం మా ఆయన సెలవు పెట్టాడు. ముగ్గురం ఆటోలో నర్సింగ్‌హోమ్‌కు పోయాం. ఎవరికి చూపించడానికో మేం చెప్పలేదు, అత్తమ్మ అడగలేదు. అత్తమ్మ దారి పొడుగునా నా చేయి పట్టుకునే ఉంది. ఆమెకు భయమేస్తోందని నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. చీటీల దగ్గర కూర్చున్న అమ్మాయి పేషెంట్ ఎవరని అడిగింది. నేను అత్తమ్మవైపు చూపించాను. అత్తమ్మ నా వైపు చూపించింది. ఆ అమ్మాయి మా ఆయనవైపు చూసింది. ఆయన ఏడుపు ఆపుకుంటూ గోడ మీద గడియారం చూస్తున్నాడు.

డాక్టరు గదిలో ఒక గుండ్రటి స్టూలు ఉంది. "కూర్చోండి" అన్నాడాయన. నేను అత్తమ్మను రెండు భుజాలు పట్టి కూర్చోబెట్టాను. ఆమె లేచి నన్ను కూర్చోబెట్టింది. నేను లేచాను.

"ముందు పిల్లను చూడుండ్రి సారూ" అంది అత్తమ్మ, చేతులు జోడించి. "నెల దినాల సంది దీని పరేషాని నాకు తెలుసు. చదువు అని చెప్పి ఐతారం ఐతారం తలుపేసుకుంటది, ఫోన్ల ఒక డాక్టరు రోగాల పేర్లు చెప్తడు, ఇది పుస్తకంల రాసుకుంటది. రోగం లేనోళ్లు రోగాల పేర్లు ఎందుకు రాసుకుంటరు? సోమవారం నాడు నా రిపోర్టు మంచిగనే ఉన్నదన్నది, గని ఇంకేదో కాగితం చూసి మొఖం తెల్లగైంది. చీరెల కింద దాసింది. చుట్టాలందరు వచ్చి వంటింట్ల దీన్ని పట్టుకుని ఏడ్సిపోతున్నరు. నాకెవ్వరు చెప్తలేరు, బీపీ ఉన్నదని. ఏదైనా తట్టుకుంట, చెప్పుండ్రి."

అప్పుడు తెలిసింది నాకు వేణ్నీళ్లు, రొట్టెలు, మీగడ ఎందుకో. వదినె పెరట్లో ఏం విందో, రెండు తాయెత్తులు ఎందుకో కూడా తెలిసింది. పాపం వదినె, రెండోవాళ్లకు చెప్పనని ఇద్దరికీ ఒట్టేసి, ఇద్దరి కోసం ఏడ్చింది.

"పిల్లకేం లేదమ్మా" అన్నాడు మా ఆయన చివరికి. ఇంక దాచడం చేతకాలేదు. "ఆ కాగితం నీదే. గడ్డ నీకే. నీకు చెప్పొద్దనుకున్నం."

"నాకా?" అంది అత్తమ్మ. "నిజంగ నాకేనా?"

"నీకే."

"దీనికేం లేదా?"

"ఏం లేదు."

అత్తమ్మ గుండెల నిండా గాలి పీల్చుకుంది. కొంగు సర్దుకుని స్టూలు మీద కుదురుగా కూర్చుంది. ఐదు రోజుల నుంచి ఆమె మొహంలో లేని నవ్వు వచ్చింది. "అమ్మయ్య" అంది. "ఇగ చూడుండ్రి సారూ, ఏమైతదో అయితది."

డాక్టరు రిపోర్టు అందుకున్నాడు. మేమిద్దరం ఆయన మొహంలోకే చూస్తున్నాం, అత్తమ్మ ఒక్కతే తీరిగ్గా గోడ మీద అస్థిపంజరం బొమ్మ చూస్తోంది. ఆయన గడ్డను రెండు వేళ్లతో అటూ ఇటూ కదిపి చూశాడు. "కొవ్వు పెద్దమ్మా. లైపో అంటే కొవ్వు. చర్మం కింద కొవ్వు పేరుకుంది, అంతే. ఉంటే ఉండనీ, జాకెట్టుకు అడ్డమైతే చెప్పు, చిన్న గాటు పెట్టి తీసేస్తా." తర్వాత మా ఆయన్ని చూసి, "దీనికి ఇంత ఏడుపు ఎందుకయ్యా? ఇది ఏమనుకున్నారు?" అని అడిగాడు. మా ఆయన నావైపు చూశాడు. నేను అస్థిపంజరం బొమ్మ చూశాను.

"కొవ్వా?" అంది అత్తమ్మ. "నాకు?" ఎండకు ఎండి, మోకాళ్లు అరిగి, నలభై ఐదు కిలోలు తూగే ఆ మనిషికి కొవ్వుందని ఒక డాక్టరు చెప్పడం ఆమెకు ఎంత నచ్చిందంటే, గది బయటికి వచ్చేలోపు ఇద్దరు తెలియనివాళ్లకు చెప్పింది.

మా ఆయన చుట్టాలకు ఫోన్లు చేయడానికి రోడ్డు మీదికి పోయాడు. మేమిద్దరం నర్సింగ్‌హోమ్ ముందు చాయ్ బండి దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. నాకు సిగ్గుగా ఉంది. ఒక్క తోక నేర్చుకుని ఊళ్లకు ఊళ్లను ఏడిపించాను. ఆమె తిడుతుందేమోనని ఎదురుచూశాను, తిడితే బాగుండును కూడా అనుకున్నాను. ఆమె తిట్టలేదు. చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటూ మామూలుగా చెప్పింది.

"మంగళవారం నాడే మొక్కిన. ఝరాసంగం గుడి దిక్కు మళ్లి దండం పెట్టి, సామీ, దానికొచ్చిందేదో నాకియ్యి, దానికి చిన్న పోరి ఉన్నది అన్న. నా కొడుకు, ‘గడ్డ నీకే’ అంటే, దేవుడు నా మాట ఇన్నడనుకున్న."

నేను గ్లాసు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఐదు రోజులు నేనూ తక్కువ ఏడవలేదు. ఆమె లేకపోతే పాపను బడి నుంచి ఎవరు తెస్తారని ఏడ్చాను. పండక్కి కజ్జికాయలు ఎవరు వత్తుతారని, మా ఆయన్ను ఎవరు ఓదారుస్తారని ఏడ్చాను. ఆమె లేని ఇల్లు తలుచుకుని, పిచ్చి కోపంతో గోడకు తల ఆనించి కూడా ఏడ్చాను. అదంతా నిజమైన ఏడుపే. కానీ ఆ ఐదు రోజుల్లో ఒక్కసారైనా, ఆ గడ్డ ఆమెకు కాకుండా నాకు రావాలని నేను కోరుకోలేదు. ఆ ఆలోచన కూడా నాకు రాలేదు.

"చాయ్ సల్లగైతుంది, తాగు" అంది అత్తమ్మ.

తాగాను. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు, ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.